కట్టుకుని వచ్చే కోడు, అడిగి తెచ్చుకునే కోడు: లింకింగ్‌లో వేగం లెక్కలు

ప్రోగ్రామర్ రాసిన కోడును, ఎప్పుడో ఎవరో రాసిపెట్టిన లైబ్రరీల కోడుతో జతచేసే పనికి లింకింగ్ అని పేరు. తెరమీద ఒక్క మాట చూపించే చిన్న ప్రోగ్రాముకు కూడా ఇది తప్పదు. అక్షరాలను తెరకు పంపే ‘ప్రింట్ఎఫ్’ ఫంక్షన్‌ను ఎవరూ కొత్తగా రాసుకోరు, సీ లైబ్రరీలోంచి తెచ్చుకుంటారు. ఆ తెచ్చుకోవడం రెండు రకాలు. ప్రోగ్రాము తయారయ్యేటప్పుడే కావలసిన కోడునంతా అందులోకి ఎక్కించేస్తే అది స్టాటిక్ లింకింగ్. లైబ్రరీ పేరు మాత్రం రాసిపెట్టుకుని, ప్రోగ్రాము నడవబోయే క్షణంలో దాన్ని వెతికి అతికించుకుంటే అది డైనమిక్ లింకింగ్.

ఊళ్లో పెళ్లి వంట తలుచుకుంటే తేడా తేలిగ్గా అర్థమవుతుంది. గంజులు, బగోనాలు సొంతంగా కొనిపెట్టుకున్న ఇంట్లో పొయ్యి వెంటనే వెలుగుతుంది, కానీ ఏడాది పొడవునా ఒక గదినిండా సామానే. టెంట్‌హౌస్‌ను నమ్ముకున్న ఇల్లు ఖాళీగా ఉంటుంది, ఊరందరికీ ఒకే సామాను సరిపోతుంది. పెళ్లిపూట మాత్రం ఆటో మాట్లాడుకుని తెచ్చుకోవాలి. కంప్యూటర్‌లో ఒక వెసులుబాటు అదనంగా ఉంది. అక్కడ ఒకే గంజులో ఒకే సమయాన వంద పెళ్లిళ్ల వంట చేయవచ్చు. చిక్కు కూడా ఉంది. ఆ గంజుకు చిల్లు పడితే వంద పెళ్లిళ్లూ ఒకేసారి ఆగిపోతాయి.

ఏది వేగమైనదని అడిగితే ఒక్కమాటలో చెప్పడం కుదరదు. చేయాల్సిన పని రెండింటిలోనూ ఉంది. అది ఎప్పుడు జరుగుతుంది, ఎవరి నెత్తిన పడుతుంది అన్న దగ్గరే దారులు వేరవుతాయి.

ల్యాబులో పది నిమిషాలు

రంగారెడ్డి జిల్లా నాదర్‌గుల్ హైదరాబాద్ ఆగ్నేయపు అంచున ఉంది. శిక్షణ విమానాల రన్‌వే, 1981లో ఏర్పడిన ఎంవీఎస్ఆర్ ఇంజనీరింగ్ కళాశాల ఆ ఊరి గుర్తులు. ఇబ్రహీంపట్నం మండలం ఆదిబట్లలోని టీసీఎస్ ప్రాంగణం అక్కడికి దగ్గరే. ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠం చదివి, ఉద్యోగాల్లో ఆ పాఠంతోనే రోజూ పనిపడే యువత ఈ చుట్టుపక్కల చాలామంది ఉన్నారు. లినక్స్ ఉన్న ఏ ల్యాబులోనైనా, ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మీదైనా వాళ్లు పది నిమిషాల్లో చేసి చూసుకోగల ప్రయోగం ఒకటుంది.

‘నమస్కారం’ అని చూపించే ఐదు వరుసల సీ ప్రోగ్రాము రాయాలి. జీసీసీ అనే కంపైలర్‌తో మామూలుగా కంపైల్ చేస్తే డైనమిక్ పద్ధతిలో తయారవుతుంది. 64 బిట్ల యంత్రం మీద ఆ ఫైలు దాదాపు 16 కేబీ ఉంటుంది. అదే ఆదేశానికి ‘స్టాటిక్’ అన్న ఐచ్ఛికం చేర్చి మళ్లీ కంపైల్ చేస్తే ఏడెనిమిది వందల కేబీ అవుతుంది. ప్రోగ్రాము మారలేదు, అది చూపించే మాటా మారలేదు, పరిమాణం మాత్రం నలభై యాభై రెట్లు పెరిగింది. సీ లైబ్రరీలో ప్రింట్ఎఫ్, దానికి కావలసినవి, వాటికి కావలసినవి అన్నీ మూటగట్టుకుని లోపలికి వచ్చేశాయి.

ఇప్పుడు రెండింటినీ ‘ఎస్‌ట్రేస్’ అనే సాధనం పెట్టి నడిపితే ఆపరేటింగ్ సిస్టంతో అవి మాట్లాడే మాటలన్నీ తెరమీద వరుసకడతాయి. డైనమిక్ ప్రోగ్రాము అసలు పని మొదలుపెట్టేలోపు లైబ్రరీల చిరునామా పుస్తకం తెరుస్తుంది, సీ లైబ్రరీ ఫైలును తెరుస్తుంది, దాన్ని ముక్కలుగా మెమరీలోకి తెచ్చుకుంటుంది, కొన్ని ముక్కలకు ‘ఇక రాయకూడదు’ అని తాళం వేస్తుంది. స్టాటిక్ ప్రోగ్రాములో ఈ వరుసలు చాలావరకు కనిపించవు. ఒక్కసారి నడిపితే తేడా మిల్లీసెకనులో కొంత భాగమే, కంటికి ఆనదు. లూపు రాసి పదివేల సార్లు నడిపితే గడియారమే చెబుతుంది.

మల్టిక్స్ నుంచి లినక్స్ దాకా

డైనమిక్ లింకింగ్‌ది చిన్న వయసేమీ కాదు. 1960లలో ఎంఐటీ, జనరల్ ఎలక్ట్రిక్, బెల్ ల్యాబ్స్ కలిసి తలపెట్టిన మల్టిక్స్ ఆపరేటింగ్ సిస్టంలోనే అది ఉంది. అక్కడ ఒక ఫంక్షన్‌ను మొదటిసారి పిలిచినప్పుడు సిస్టం ఆగి, అది ఎక్కడుందో వెతికి, ముడి వేసి, మళ్లీ నడిపించేది. ఆ తర్వాత వచ్చిన యూనిక్స్ దీన్ని పక్కనబెట్టి చాలాకాలం స్టాటిక్ దారిలోనే నడిచింది. చిన్న ప్రోగ్రాములు, చిన్న లైబ్రరీలు ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. కిటికీలతో, బొమ్మలతో తెర నింపే పెద్ద లైబ్రరీలు వచ్చాక ప్రతి ప్రోగ్రాములోనూ అవే మెగాబైట్లు మళ్లీ మళ్లీ చేరడం మొదలైంది. 1988లో సన్ కంపెనీ సన్‌ఓఎస్ 4.0తో, ప్రోగ్రాములన్నీ పంచుకునే ‘షేర్డ్ లైబ్రరీ’లను యూనిక్స్ ప్రపంచానికి గట్టిగా పరిచయం చేసింది.

లినక్స్‌లో తొలినాటి షేర్డ్ లైబ్రరీలకు ఒక్కోదానికి మెమరీలో ఒక స్థిరమైన చోటు ముందే కేటాయించాల్సి వచ్చేది. రెండు లైబ్రరీలు ఒకే చోటు కోరకుండా ఎవరికి ఏ చోటో పద్దు రాసుకునేవారు. 1990ల మధ్యలో ఈఎల్ఎఫ్ అనే ఫైలు పద్ధతికి మారాక ఆ బాధ తప్పింది. లైబ్రరీ ఎక్కడ కూర్చున్నా నడిచేలా కోడు తయారవడం మామూలైపోయింది.

విండోస్‌లో ఇలాంటి ఉమ్మడి లైబ్రరీలు డీఎల్ఎల్‌లన్న పేరుతో మొదటినుంచీ ఉన్నాయి. వాటితోపాటు ‘డీఎల్ఎల్ హెల్’ అన్న పేరూ వచ్చింది. కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రాము తన డీఎల్ఎల్‌ను పాతదాని మీద రాసేస్తే, నిన్నటిదాకా బాగా నడిచిన వేరే ప్రోగ్రాము కుప్పకూలేది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ ఒకే లైబ్రరీకి చెందిన వేర్వేరు వెర్షన్లను పక్కపక్కన ఉంచుకునే ఏర్పాటు చేసింది. అలా ఉంచుకున్న కొద్దీ పంచుకోవడంలో మిగిలే చోటు తగ్గుతుంది. రెండు లాభాలూ పూర్తిగా ఒకేచోట దొరకవని అప్పుడే తేలిపోయింది.

మొదలయ్యేటప్పటి ఆలస్యం

డైనమిక్ ప్రోగ్రామును నడపమన్నప్పుడు ఆపరేటింగ్ సిస్టం గుండెకాయ అయిన కెర్నెల్ దాన్ని నేరుగా మొదలుపెట్టదు. ముందుగా డైనమిక్ లోడర్ అనే చిన్న ప్రోగ్రామును పిలుస్తుంది. కావలసిన లైబ్రరీలను వెతకడం, వాటికి కావలసిన లైబ్రరీలను వెతకడం, అన్నింటినీ మెమరీలో కూర్చోబెట్టడం, ఎవరు ఎవరిని పిలుస్తారో పేర్లు పోల్చి చిరునామాలు నింపడం దాని పని. చిరునామాలు నింపే ఈ పనిని రీలొకేషన్ అంటారు. సాధారణంగా ఎక్కువ సమయం తినేవి ఈ పనీ, పేర్లు వెతకడమూ.

సీ ప్రోగ్రాములకు ఇది పెద్ద భారం కాదు. సీ ప్లస్‌ప్లస్‌లో పేర్లు చాంతాడంత పొడవుంటాయి, నింపాల్సిన చిరునామాలూ వేలల్లో ఉంటాయి. 2000 ప్రాంతంలో కేడీఈ డెస్క్‌టాప్ తయారుచేసినవారికి ఇది గొంతుమీద కత్తి అయింది. వాళ్లు కనిపెట్టిన ఉపాయం ‘కేడీఈఇనిట్’. లైబ్రరీలన్నీ ఒక్కసారి లోడ్ చేసుకున్న ఒక ప్రాసెస్‌ను సిద్ధంగా ఉంచి, కొత్త అప్లికేషన్ కావలసిన ప్రతిసారీ దాన్నే రెండుగా చీల్చేవారు. ఇవాళ ఆండ్రాయిడ్ ఫోన్లలో ‘జైగోట్’ చేసేది సరిగ్గా ఇదే. ఫోన్ ఆన్ అయినప్పుడు ఉమ్మడి క్లాసులు, లైబ్రరీలు ఒక్కసారి లోడై ఉంటాయి. తర్వాత తెరిచే ప్రతి యాప్ ఆ సిద్ధమైన ప్రాసెస్‌లోంచే చీలి పుడుతుంది.

ఇంకో దారి, లెక్కలు ముందే వేసిపెట్టడం. రెడ్‌హ్యాట్‌లో జాకుబ్ యెలినెక్ రాసిన ‘ప్రీలింక్’ లైబ్రరీల చిరునామాలను ముందుగానే నిర్ణయించి ఫైళ్లలో రాసేది. అయితే దాడి చేసేవాళ్లకు చిక్కకుండా చిరునామాలను ప్రతిసారీ కలగాపులగం చేసే భద్రతా పద్ధతికి, ముందే స్థిరపరిచే ప్రీలింక్‌కు పొసగలేదు. కాలక్రమేణా ప్రీలింక్ మూలనపడింది. 2006లో పేర్లు వెతికే పట్టికనే మెరుగుపరిచి ‘గ్నూ హ్యాష్’ అన్న కొత్త రూపం తెచ్చారు. లైబ్రరీలో లేని పేరును తొందరగా ‘లేదు’ అని చెప్పేయడం దాని గొప్ప. వెతుకులాటలో ఎక్కువ ప్రశ్నలకు జవాబు ‘లేదు’ అనే వస్తుంది కాబట్టి ఆ చిన్న మార్పుకు పెద్ద ఫలితం దక్కింది.

లైబ్రరీల సంఖ్య తగ్గించడమూ ఒక మందే. ఉబుంటు 2006లో 6.10 వెర్షన్‌తో, సిస్టం స్క్రిప్టులు నడిపే షెల్‌ను బాష్ నుంచి డాష్‌కు మార్చింది. డాష్ చిన్నది, దానికి కావలసిన లైబ్రరీలూ తక్కువ. కంప్యూటర్ లేచేటప్పుడు షెల్ ఎన్నోసార్లు పుట్టి చస్తుంది కనుక, ఒక్కోసారి మిగిలే కొద్ది సమయమే కూడి కనిపించేంత అవుతుంది.

నడుస్తున్నప్పటి ధర

ప్రోగ్రాము మొదలయ్యాక కూడా డైనమిక్ పద్ధతికి కొంత ధర ఉంది. వేరే లైబ్రరీలోని ఫంక్షన్‌ను పిలిచిన ప్రతిసారీ నేరుగా అక్కడికి దూకకుండా, ఒక పట్టికలో చిరునామా చదివి దూకాలి. ఈ అదనపు గంతును ఇప్పటి ప్రాసెసర్లు ముందే ఊహించగలవు కాబట్టి ఒక్కో పిలుపుకు పడే భారం స్వల్పం. పాత 32 బిట్ల ఇంటెల్ ప్రాసెసర్లలో ఇది ఇంకాస్త బరువుగా ఉండేది. అసలే కొరతగా ఉన్న రిజిస్టర్లలో ఒకదాన్ని ఈ పట్టిక కోసం కేటాయించాల్సి వచ్చేది.

అసలు నష్టం వేరేచోట ఉంది. స్టాటిక్‌గా లింక్ చేసినప్పుడు కంపైలర్, లింకర్ కలిసి ప్రోగ్రామునంతా ఒక్కచోట చూడగలవు. చిన్న ఫంక్షన్‌ను పిలిచేచోటనే విడమరిచి రాసేయగలవు, వాడని కోడును తీసిపారేయగలవు. లైబ్రరీ గోడ అడ్డుగా ఉంటే అటువైపు ఏముందో కంపైలర్‌కు కనిపించదు. దీనికి మంచి ఉదాహరణ 2020లో వచ్చిన ఫెడోరా 32. అందులో పైథాన్ ఒక షేర్డ్ లైబ్రరీగా ఉంటుంది. ఈఎల్ఎఫ్ నియమం ప్రకారం ఆ లైబ్రరీ తన సొంత ఫంక్షన్‌ను పిలిచేటప్పుడు కూడా, మధ్యలో ఇంకెవరైనా అదే పేరుతో వేరే ఫంక్షన్ చొప్పించారేమో అన్న అనుమానానికి తావివ్వాలి. ఆ అనుమానం అక్కర్లేదని కంపైలర్‌కు ఒక్క ఐచ్ఛికంతో చెప్పగానే పైథాన్ పనినిబట్టి 5 నుంచి 27 శాతం దాకా వేగం పుంజుకుంది. పైథాన్ కోడులో ఒక్క అక్షరం మార్చలేదు.

మెమరీ లెక్క

వంద ప్రోగ్రాములు ఒకే సీ లైబ్రరీని వాడుతుంటే దాని కోడు ర్యామ్‌లో ఒక్కసారే ఉంటుంది. డైనమిక్ పద్ధతికి ఇది అందరూ చెప్పే గొప్ప, నిజమైన గొప్ప. కానీ లెక్క అక్కడితో పూర్తికాదు. లైబ్రరీ కోడు ఉమ్మడిదైనా, లోడర్ చిరునామాలు నింపిన పేజీలు ఏ ప్రాసెస్‌వి దానికే. ప్రతి లైబ్రరీ వేరువేరు పేజీల్లో కూర్చుంటుంది కాబట్టి ప్రాసెసర్‌లోని చిరునామాల చిన్న పట్టిక మీద ఒత్తిడి పెరుగుతుంది.

మరో విషయాన్ని చాలామంది మరిచిపోతారు. స్టాటిక్ ప్రోగ్రామును పదిసార్లు తెరిచినా దాని కోడు ర్యామ్‌లో ఒక్కసారే ఉంటుంది, ఎందుకంటే అది ఒకే ఫైలు. మెమరీ వృథా అయ్యేది వేర్వేరు ప్రోగ్రాములు ఒకే లైబ్రరీని తమ తమ కడుపులో మోస్తున్నప్పుడే. బిజీబాక్స్ దీన్ని తెలివిగా దాటింది. వందలాది చిన్న యూనిక్స్ ఆదేశాలను ఒకే ప్రోగ్రాముగా కుట్టేసింది. వైఫై రౌటర్ల లాంటి చిన్న పెట్టెల్లో అది విరివిగా కనిపించేది అందుకే.

ఒక తెలుగు అక్షరం నేర్పిన పాఠం

2018 ఫిబ్రవరిలో ఈ చర్చంతా హఠాత్తుగా తెలుగు లిపి చుట్టూ తిరిగింది. ఐఓఎస్ 11.2.5 నడుస్తున్న ఐఫోన్లలో ‘జ్ఞా’ రూపంలో కనిపించే ఒక అక్షర క్రమం తెరమీదికి రాగానే యాప్ మూతపడేది. మామూలుగా ‘జ్ఞానం’ అని రాసేవాళ్లకు ఈ కష్టం రాలేదు. ఇబ్బంది పెట్టిన క్రమంలో ఐదు సంకేతాలున్నాయి: జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని ‘ఇక్కడ కలపొద్దు’ గుర్తు, చివర దీర్ఘం. ఆ నాలుగో గుర్తు తర్వాత అచ్చు గుర్తు వచ్చేసరికి, అక్షరాలను అమర్చే కోడు లెక్క తప్పి మెమరీని పాడుచేసేది.

వాట్సాప్, ఫేస్‌బుక్ మెసెంజర్, జీమెయిల్ వేర్వేరు యాప్‌లు. వాటి కోడు వేరు, రాసినవాళ్లు వేరు. అయినా అన్నీ ఒకే చోట పడిపోయాయి, ఎందుకంటే అక్షరాలు గీయడానికి అన్నీ ఆపిల్ వారి ‘కోర్‌టెక్స్ట్’ అనే ఉమ్మడి లైబ్రరీనే ఆశ్రయించాయి. ఆ అక్షరం నోటిఫికేషన్‌గా వస్తే ఇంకా ఘోరం. హోమ్ స్క్రీన్‌ను నడిపే ‘స్ప్రింగ్‌బోర్డ్’ కూడా అదే లైబ్రరీని వాడుతుంది కాబట్టి అదీ కూలేది. టెలిగ్రామ్, స్కైప్ మాత్రం తట్టుకున్నాయని అప్పటి వార్తలు చెప్పాయి.

ఉమ్మడి గంజుకు చిల్లు పడటమంటే ఇదే. అతుకు వేయడం కూడా అంతే ఉమ్మడిగా జరిగింది. ఫిబ్రవరి 19న ఆపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసింది. మ్యాక్, వాచ్, టీవీలకూ అదేరోజు సవరణలు వచ్చాయి. ఒక లైబ్రరీ మారింది, దాన్ని వాడే యాప్‌లన్నీ ఒకేసారి కోలుకున్నాయి. ఏ యాప్ కంపెనీ కూడా తన యాప్‌ను కొత్తగా తయారుచేయాల్సిన పని పడలేదు. కోర్‌టెక్స్ట్ ప్రతి యాప్‌లోనూ స్టాటిక్‌గా కుట్టి ఉండి ఉంటే, ప్రతి యాప్ యజమానీ మళ్లీ తయారుచేసి, పంపి, వాడేవాళ్లు అప్‌డేట్ చేసుకునేదాకా ఆ అక్షరం ఏదో ఒక మూల ఫోన్లను కూలుస్తూనే ఉండేది. తెలుగువాళ్ల సంఖ్య కోట్లలో ఉన్నా, అక్షరాలను సరిగ్గా అమర్చే నైపుణ్యం కొద్దిమంది దగ్గరే ఉంది. వాళ్ల శ్రమ ఒక్కచోట పెడితే అందరికీ అందాలంటే లైబ్రరీ ఉమ్మడిగా ఉండటమే తెలుగు పాఠకుడికి మేలు.

అదే ఐఫోన్ వేగం సంగతిలో ఇంకో పాఠం చెబుతుంది. ఆపిల్ తన సిస్టం లైబ్రరీలన్నింటినీ ముందే ఒకదానితో ఒకటి ముడివేసి, ఒకే పెద్ద ఫైలుగా కూర్చిపెడుతుంది. ప్రతి యాప్‌కూ దాన్నే చూపిస్తుంది. అందువల్ల సిస్టం లైబ్రరీలు ఎన్ని వాడినా యాప్ తెరుచుకోవడం పెద్దగా ఆలస్యం కాదు. యాప్ తయారుచేసినవాళ్లు తమవెంట తెచ్చే డైనమిక్ లైబ్రరీలకు ఆ సౌకర్యం లేదు. అందుకే 2016 డెవలపర్ సదస్సులో ఆపిల్ ఇంజనీర్లు యాప్ 400 మిల్లీసెకన్లలో తెరుచుకునేలా చూసుకోమని, సొంత లైబ్రరీలను అర డజను లోపు ఉంచుకోమని చెప్పారు. 2023లో తమ యాప్ తయారీ సాధనం ఎక్స్‌కోడ్ 15తో, తయారీ సమయంలో విడివిడిగా ఉండి విడుదలప్పుడు కలిసిపోయే లైబ్రరీల ఏర్పాటు చేశారు.

భద్రత, మరమ్మతు

2014 ఏప్రిల్ 7న ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీలోని ‘హార్ట్‌బ్లీడ్’ లోపం బయటపడినప్పుడు సర్వర్లు చూసుకునేవాళ్లు ఒక ప్యాకేజీ మార్చి, సర్వీసులను మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ మొదలుపెట్టడం మరిచిపోయినచోట ప్రమాదం అలాగే ఉండిపోయింది. డిస్కు మీద కొత్త లైబ్రరీ వచ్చినా, నడుస్తున్న ప్రాసెస్ మాత్రం పాతదాన్నే మెమరీలో పట్టుకుని కూర్చుంటుంది. ఓపెన్ఎస్ఎస్ఎల్‌ను స్టాటిక్‌గా కలుపుకున్న ప్రోగ్రాముల పరిస్థితి ఇంకా క్లిష్టం. ఏ ప్రోగ్రాము కడుపులో ఏ వెర్షన్ ఉందో ముందు కనుక్కోవాలి.

2024 మార్చిలో బయటపడిన ఎక్స్‌జెడ్ ఉదంతం నాణేనికి రెండోవైపు. ఫైళ్లను కుదించే ఒక చిన్న లైబ్రరీలో ఎవరో దొంగదారి దాచారు. రిమోట్ లాగిన్ సర్వర్‌కు ఆ లైబ్రరీతో నేరుగా పనే లేదు. కొన్ని లినక్స్ పంపిణీల్లో సిస్టండీ లైబ్రరీ ద్వారా, ఒకరి వెనక ఒకరుగా అది లాగిన్ సర్వర్‌లోకి వచ్చి కూర్చుంది. లోడర్ చిరునామాలు నింపే క్షణాన్నే దొంగకోడు తన పనికి వాడుకుంది. దాన్ని పట్టించింది వేగం లెక్కే. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ లాగిన్ దాదాపు అర సెకను ఆలస్యం కావడం గమనించి, కారణం వెతుకుతూ పోయి దొంగదారిని బయటపెట్టాడు. ఆ గమనింపు లేకపోతే లక్షల యంత్రాల తలుపులు తెరుచుకుని ఉండేవేమో.

ఇప్పటి పోకడలు

2009లో వెలువడిన గో భాష స్టాటిక్ దారిని మళ్లీ ముందుకు తెచ్చింది. దాని సృష్టికర్తల్లో రాబ్ పైక్, కెన్ థామ్సన్ బెల్ ల్యాబ్స్‌లో ప్లాన్ 9 అనే ఆపరేటింగ్ సిస్టం తయారుచేసినవాళ్లు. ప్లాన్ 9లో డైనమిక్ లింకింగ్ లేదు. గో ప్రోగ్రాము మామూలుగా ఒకే ఫైలు. అదే రకం ప్రాసెసర్ ఉన్న ఏ లినక్స్ సర్వర్ మీద పెట్టినా సాధారణంగా నడుస్తుంది. రస్ట్ కూడా తన ప్రామాణిక లైబ్రరీని మామూలుగా స్టాటిక్‌గానే కలుపుతుంది. డిస్కు, ర్యామ్ చవకైన రోజుల్లో, వందలాది సర్వర్లకు ఒకే ప్రోగ్రామును పంపే సంస్థలకు ఈ నిశ్చింత విలువైనది.

ప్రోగ్రామును దాని లైబ్రరీలతో సహా ఒకే ‘ఇమేజ్’గా మూటగట్టి నడిపే కంటైనర్లు మధ్యేమార్గం. లోపల లైబ్రరీలు డైనమిక్‌గానే ఉంటాయి, కానీ ప్రతి కంటైనర్ తన సామాను తానే తెచ్చుకుంటుంది. వేర్వేరు ఇమేజ్‌ల మధ్య మెమరీ పంచుకునే లాభం చాలావరకు పోతుంది. మజిల్ అనే చిన్న సీ లైబ్రరీతో వచ్చే ఆల్పైన్ లినక్స్ ఇమేజ్ దాదాపు 5 ఎంబీయే కావడంతో ఆ నష్టం కొంత తగ్గుతుంది. లినక్స్‌లో సాధారణంగా ఉండే గ్నూ సీ లైబ్రరీ మాత్రం పూర్తి స్టాటిక్‌కు అంతగా సహకరించదు. నెట్‌వర్క్ పేర్లను చిరునామాలుగా మార్చే పని కోసం అది నడిచేటప్పుడు ఇతర లైబ్రరీలను పిలుస్తుంది, స్టాటిక్‌గా కలిపితే లింకర్ హెచ్చరిక ఇస్తుంది.

రెండు పద్ధతులూ పక్కపక్కనే ఉండటం చూడాలంటే తెలుగు వార్తల పేజీ ఒకటి లినక్స్‌లో ఫైర్‌ఫాక్స్‌తో తెరిస్తే చాలు. లినక్స్ డెస్క్‌టాప్‌లో తెలుగు వత్తులను, గుణింతాలను అమర్చేది ఎక్కువగా ‘హార్ఫ్‌బజ్’ అనే లైబ్రరీ. ఫైర్‌ఫాక్స్ దాని ప్రతిని తన ప్రధాన లైబ్రరీలోనే కుట్టుకుని ఉంటుంది, పేజీలోని వార్తను ఆ ప్రతే అమరుస్తుంది. అదే ఫైర్‌ఫాక్స్ వాడే జీటీకే లైబ్రరీ, డెస్క్‌టాప్‌లోని ఉమ్మడి హార్ఫ్‌బజ్‌ను కూడా వెంట తెస్తుంది. ఆ ప్రాసెస్ మెమరీ పటాన్ని తెరిచి ‘హార్ఫ్‌బజ్’ అని వెతికితే దొరికేది ఉమ్మడి ప్రతి ఒక్కటే. వార్తలోని ‘జ్ఞానం’ను తెరమీద నిలబెట్టిన రెండో ప్రతి, పేరు బయటపెట్టకుండా బ్రౌజర్ కోడులో కలిసిపోయి ఉంటుంది.